కుర్చీ దిగకుండా సాలువా అడవిని పెంచే పద్ధతి

ముందే చెబుతున్నాను, ఇది చదివాక సాలువా వెళ్లి చూసి రావాలనిపిస్తే ఆ పూచీ నాది కాదు. ఈ విద్యలో సగం మంది చెడిపోయింది అలాగే.

ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో నాకు ప్రింటింగు, బైండింగు షాపుంది. మా తాత టెక్కలి వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే (బీఎన్ఆర్) రోజుల్లో ఇక్కడి వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు. మా నాన్న అదే వర్క్‌షాపులో రిటైరయ్యాడు. నాకు రైల్వే ఉద్యోగం రాలేదు, ప్లాటరు వచ్చింది. ప్లాటరంటే దుప్పటంత కాగితం మీద రంగుల మ్యాపులు అచ్చేసే యంత్రం. మాతా పూజలప్పుడు దానికి ఎరుపు, పసుపు తాగిస్తాను. కాలేజీల్లో ప్రాజెక్టు రిపోర్టులు ఇచ్చే రోజులొస్తే అది పచ్చ తాగుతుంది. పచ్చరంగు డబ్బా అంటూ వేరే ఉండదు సుమండీ. సయాన్ అనే నీలం డబ్బా ఒకటి, పసుపు డబ్బా ఒకటి. రెండూ కలిసి పడినచోట అడవి మొలుస్తుంది.

ఇన్నేళ్లుగా ఎవరెవరివో మ్యాపులు అచ్చేసి, ఉపగ్రహ చిత్రాల్లో చెట్టూ చేమా పెరిగిందో తరిగిందో చెప్పే విద్య నాకు పట్టుబడింది. డాక్టరు దగ్గర పదేళ్లు పనిచేసిన కంపౌండరుకి వైద్యం వచ్చినట్టే. మొన్న నింపురాలో ఉండే మా మేనల్లుడు "మావయ్యా, సాలువా చుట్టుపక్కల ముప్ఫై ఏళ్లలో వృక్షసంపద ఎలా మారిందో ప్రాజెక్టు ఇచ్చారు, ఎక్కడ మొదలెట్టాలి?" అని వచ్చాడు. వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరు మార్చుకుంటే ఎవరికైనా పనికొస్తాయి.

సాలువా తెలియనివాళ్ల కోసం ఒక మాట. అది మా ఖరగ్‌పూర్ పక్కనే ఉంది. ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ పటాలం ప్రధాన స్థావరం అక్కడే. అందుకే గోర్ఖా కుటుంబాలు ఎక్కువ, మోమోలు బాగుంటాయి. ఊరు దాటితే ఎర్రనేల, సాల్ అడవి, వరిచేలు. మనవైపు గుగ్గిలం చెట్టంటామే, అదే సాల్. పైనుంచి చూసే అలవాటు ఈ ప్రాంతానికి కొత్తదేం కాదు. రెండో ప్రపంచయుద్ధంలో ఖరగ్‌పూర్ చుట్టుపక్కల రన్‌వేల నుంచే అమెరికన్ల బి-29 బాంబర్లు లేచాయి. వాటి మొట్టమొదటి దాడి 1944 జూన్ 5న, బ్యాంకాక్ మీద. తర్వాత 1980ల్లో ఇస్రో దేశంలో ఐదుచోట్ల ప్రాంతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రాలు పెడితే అందులో ఒకటి మన ఐఐటీ ప్రాంగణంలో వెలిసింది. అది తర్వాత కోల్‌కతాకి తరలిపోయింది. దాంతో నాలాంటివాళ్లకి బాధ్యత పెరిగింది.

ఫలితం ముందు, ఫొటో తర్వాత

మొదట గైడుగారికి ఏ జవాబు ఇష్టమో కనుక్కోవాలి. అడవి పెరగాలా, తరగాలా? అది తెలిశాక ఫొటోలు వెతుక్కోవాలి. ఇందులో కష్టమేమీ లేదు. అమెరికా వాళ్ల లాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి ఎవరికైనా ఉచితమే. లాండ్‌శాట్-5 అనే మహానుభావుడు 1984లో పైకెళ్లి, మూడేళ్లు పనిచేస్తే చాలనుకుంటే 2013 దాకా తిరిగాడు. మన రైల్వేలో అయితే ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్ అనుకోవాలి. యూరప్ వాళ్ల సెంటినెల్-2 కూడా 2015 నుంచి ఊరికే ఇస్తుంది. మన రిసోర్స్‌శాట్ చిత్రాలకైతే హైదరాబాదు వాళ్ల భువన్ ఉంది. షాద్‌నగర్‌లో గొడుగులంత డిష్షులు పెట్టుకుని వాళ్లు పట్టేవే అవి.

అడవి పెరగాలంటే పాత ఫొటో ఫిబ్రవరి నెలాఖరుది తీసుకోండి, కొత్తది అక్టోబరుది. సాల్ చెట్టు ఫాల్గుణంలో ఆకు రాల్చేసి ఎముకలగూడులా నిలబడుతుంది. చైత్రం వచ్చేసరికి చిగురేసి పూస్తుంది. ఆ మధ్యలో రెండు మూడు వారాలు అడవిలో నేల మీదున్నంత ఆకు కొమ్మ మీద ఉండదు. ఆ వారాల్లో తీసిన 1990 ఫొటోని దసరాలకి వానలు తగ్గుముఖం పట్టాక తీసిన 2020 ఫొటో పక్కన పెట్టారనుకోండి, అడవి మీ కళ్లముందే ఉబ్బుతుంది. ఒక్క మొక్క నాటక్కర్లేదు. తరగాలంటే నెలలు తారుమారు చేస్తే సరి, పాతది అక్టోబరుది, కొత్తది ఫిబ్రవరిది. ఆ నాలుగు ఫైళ్లతో ఒకే వారంలో అడవి పెరిగిందని ఒక కుర్రాడికీ, మాయమైందని ఇంకో కుర్రాడికీ నేను మ్యాపులేసిచ్చాను. ఇద్దరూ పాసయ్యారు.

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు దేశమంతటికీ అక్టోబరు నుంచి డిసెంబరు లోపు తీసిన చిత్రాలే చూస్తారట. మబ్బుండదు, ఆకు రాలదు, ఏ ఏడాదికా ఏడాది అదే రుతువు. వాళ్లది ప్రభుత్వోద్యోగం, మూడు నెలలు కూర్చున్నా జీతం వస్తుంది. మనకి సబ్మిషన్ మంగళవారం.

పచ్చదనం కొలిచే సూత్రం

ఈ విద్యకంతటికీ గుండెకాయ ఎన్‌డీవీఐ అనే లెక్క. పచ్చి ఆకు తన వంటకి ఎర్రకాంతిని మింగేస్తుంది. కంటికి కనపడని పరారుణ కాంతిని మాత్రం అద్దంలా తిప్పికొడుతుంది. తిప్పికొట్టిన పరారుణంలోంచి ఎరుపుని తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే మైనస్ ఒకటికీ ప్లస్ ఒకటికీ మధ్య ఒక అంకె వస్తుంది. ఒకటికి దగ్గరైతే నిగనిగలాడే ఆకు, సున్నా దాపుల్లో ఉంటే ఉత్త నేల, ఇంకా కిందికి పోతే నీళ్లు. లాండ్‌శాట్ మొదటి ఉపగ్రహం 1972లో ఎగిరితే, టెక్సాస్‌లో పచ్చికబయళ్లు కొలవడానికి అక్కడి పంతుళ్లు మరుసటి ఏడాదికల్లా ఈ లెక్క తయారుచేశారు. అప్పట్నుంచీ ప్రపంచంలో ఏ ఆకూ దీన్ని తప్పించుకోలేదు.

ఇక్కడే నా అసలు చిట్కా. లాండ్‌శాట్-5లో పరారుణం నాలుగో బ్యాండు, ఎరుపు మూడో బ్యాండు. కనక నాలుగులోంచి మూడు తీయాలి. పాత రిపోర్టులన్నిట్లో ఇదే ఉంటుంది. 2013లో పైకెళ్లిన లాండ్‌శాట్-8లో బ్యాండ్ల నంబర్లు జరిగాయి, ఐదులోంచి నాలుగు తీయాలి అని కొందరు చాదస్తులు అంటారు. పట్టించుకోకండి. సూత్రమంటే సూత్రమే. ఎక్కాలు మారుతున్నాయా?

పోయినేడు ఒకమ్మాయి సరిగ్గా నేను చెప్పినట్టే చేసింది. కొత్త ఉపగ్రహంలో నాలుగులోంచి మూడు తీస్తే పరారుణంలోంచి ఎరుపు పోవడం కాదట, ఎరుపులోంచి ఆకుపచ్చ పోతుందట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ లెక్కలో పచ్చటి ఆకు అట్టడుగుకి పోతుంది, ఎర్రటి మన్ను శిఖరమెక్కుతుంది. ప్లాటరులోంచి కాగితం జానెడు జానెడు చొప్పున దిగుతుంటే నేనూ ఆ అమ్మాయీ నిలబడి చూశాం. సాల్ అడవి పాలిపోయిన పసుపులో వచ్చింది. ఊరవతల మొరం తవ్విన గోతులు, దట్టంగా ముదురాకుపచ్చలో, చుట్టూ చక్కటి అంచుతో వచ్చాయి. కింద లెజెండులో "అతి దట్టమైన అడవి" అని ఉంది. ఆ అమ్మాయి కాసేపు చూసి, "అంకుల్, ఇక్కడ మేం స్కూటీ నేర్చుకునేవాళ్లం. లారీలు తిరుగుతాయి" అంది. "అడవిలో లారీలు తిరక్కపోతే కలప ఎలా వస్తుందమ్మా?" అన్నాను. స్పైరల్ బైండింగు వేసిచ్చాను. ఆ మ్యాపు మొరం తవ్వేవాళ్ల కంట పడుంటే ఆ అమ్మాయికి శాలువా కప్పేవారు.

అడవి అంటే ఏది?

ఇది కొంచెం జాగ్రత్తగా వినాలి. మామూలు మనిషి అడవంటే చెట్లు, తీగలు, పక్షులు, కాస్త భయం అనుకుంటాడు. సర్కారు లెక్కలో అడవి విస్తీర్ణమంటే ఒక హెక్టారుకి, అంటే రెండున్నర ఎకరాలకి, తక్కువ కాని చోటులో పదిశాతానికి మించి కొమ్మల నీడ ఉండడం. ఆ నేల ఎవరిదైనా సరే, ఏ పనికి వాడుతున్నా సరే, ఏ జాతి చెట్టైనా సరే. మామిడితోట అడవే. జామాయిల్ తోట అడవే. మా అత్తవారి పలాస వైపు జీడితోటలు అడవే. ఆ సంగతి మా బావమరిదితో చెబితే, "అయితే మా తోటలో పులి దూరితే కంపెన్సేషన్ ఏటిస్తారు బావా?" అన్నాడు.

2021 అటవీ నివేదికలో దేశం మొత్తం మీద అడవి విస్తీర్ణం అన్నిటికన్నా ఎక్కువ పెరిగిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, 647 చదరపు కిలోమీటర్లు. రెండోది తెలంగాణ, 632. రెండు తెలుగు రాష్ట్రాలూ మొదటి రెండు స్థానాలు కొట్టేస్తే ఇక్కడ గోల్‌బజార్‌లో నేను మిఠాయి పంచాను. అది నల్లమలలో పెరిగిందా, జామాయిల్, సరుగుడు, జీడి తోటల్లో పెరిగిందా అని ఒక పంతులు అడిగాడు. మిఠాయి తింటూనే అడిగాడు.

ఈ సంగతి ఇంకా పెద్ద ఎత్తున వాడుకోవచ్చు. 2019లో ఒక పరిశోధన వచ్చింది. నాసా వాళ్ల మోడిస్ పరికరం 2000 నుంచి 2017 దాకా తీసిన చిత్రాలు చూసి, ప్రపంచంలో పచ్చదనం పెరగడానికి ముందు వరసలో నిలబడింది చైనా, భారతదేశాలే అని తేల్చారు. అంతవరకు కత్తిరించి రిపోర్టు మొదటి పేజీలో పెట్టండి. ఆ తర్వాత వాక్యం అక్కర్లేదు. భారతదేశంలో పెరిగిన ఆ పచ్చదనంలో 82 శాతం పంటపొలాలదనీ, అడవుల వాటా 4.4 శాతమేననీ అందులో ఉంటుంది. మన మెదినీపూర్ జిల్లాలో చూడండి, వానాకాలపు ఆమన్ వరి కోశాక పూర్వం చేలు బీడు పడుండేవి. ఇప్పుడు బోర్లేసి మోటార్లు పెట్టి బోరో వరి వేస్తున్నారు, మనవైపు దాళ్వా లాగ. బోరు నీళ్లతో పండేది కాబట్టి బోరో అని మేనల్లుడు అనుకున్నాడు పాపం. మార్చిలో పైనుంచి చూస్తే ఆకు రాల్చిన సాల్ అడవి గోధుమరంగులో, పక్కనే బోరో మడి పచ్చల హారంలా కనిపిస్తాయి. కంప్యూటరుని అడిగితే దేన్ని అడవంటుందో మీకు తెలుసు. దాని మాట కాదనకండి. భూమిలో నీళ్లు ఎంత లోతుకి పోయాయో ఎలాగూ ఫొటోలో పడదు.

గుర్రపుడెక్క విషయంలోనూ ఇంతే. చెరువంతా అల్లుకుని నీటి చుక్క కనపడకుండా చేస్తే ఎన్‌డీవీఐ ఆకాశాన్నంటుతుంది. పాత ఫొటోలో నీలంగా ఉన్న చెరువు కొత్త ఫొటోలో అడవిగా మారుతుంది. "నీటి వనరులు తగ్గినను అడవులు పెరిగినవి" అని ఒక వాక్యం రాసుకుంటే రెండు అధ్యాయాలకి పనికొస్తుంది. రైల్వే వాళ్లు ఖాళీ చేయించిన పాత క్వార్టర్లలో వయ్యారిభామ మొలిచి కిటికీల దాకా ఎక్కితే అదీ వృక్షసంపదే. వయ్యారిభామ వల్ల తుమ్ములూ దురదలూ వచ్చేవాళ్లు మ్యాపుకి దూరంగా ఉంటే సరి.

గడి మహిమ

ఉపగ్రహం చూసేది మనలాగా చెట్టునీ కొమ్మనీ కాదు. నేలంతా గళ్ల చీరలా పరిచి ఒక్కో గడికి ఒక్కో అంకె ఇస్తుంది. లాండ్‌శాట్ గడి ముప్ఫై మీటర్ల చదరం, మన లెక్కలో ఇరవైరెండు సెంట్లు. సెంటినెల్ గడి పది మీటర్లు, రెండున్నర సెంట్లు. మోడిస్ గడి పావు కిలోమీటరు, అందులో మా ఊరి మథురాకాటీ పేట పెద్ద ముక్కే పడుతుంది. ఇరవైరెండు సెంట్లలో ఒక మామిడిచెట్టు, రెండు రేకుల షెడ్లు, బొగ్గు బూడిద, ఆరేసిన బట్టలు ఉంటే వచ్చే అంకె ఆ అన్నిటి పులుసు. పులుసు రుచి చూసి ముక్కలెన్నో చెప్పడమే పాండిత్యం.

ఎంత అంకె దాటితే అడవి అనాలో గీత గీసేది మనమే. మేనల్లుడు ముందు 0.4 దగ్గర గీశాడు, అడవి చాలలేదు. 0.3కి జరిపాడు, సరిపోయింది. "ఎందుకు 0.3?" అని ఎవరైనా అడిగితే "సాహిత్యంలో ఉంది" అనాలి. సాహిత్యంలో ఉండనిదేదీ లేదు.

లాండ్‌శాట్-7 చిత్రాల్లో 2003 మే 31 తర్వాత నల్లటి చారలుంటాయి. ఆ రోజు దాని స్కాన్ గీతలు దిద్దే యంత్రం చెడిపోయి ప్రతి చిత్రంలో ఇరవైరెండు శాతం దాకా ఎగిరిపోతూ వచ్చింది. చారలన్నీ పచ్చరంగుతో నింపేయండి. దేవుడు వదిలేసినచోట మనం పూరించాలి.

కచ్చితత్వం

రిపోర్టు చివర్లో ఒక పట్టిక అడుగుతారు. మీరు అడవన్నది నిజంగా అడవేనా, చేనన్నది చేనేనా అని కొన్నిచోట్ల సరిచూసి, ఎన్ని తప్పాయో లెక్కేసి, చివర కప్పా అనే గుణకం ఇవ్వాలి. దీనికి ఒకే ఒక్క సూత్రం చాలు. కంప్యూటరుకి ఏ చుక్కలు చూపించి అడవిని నేర్పించారో, పరీక్ష కూడా ఆ చుక్కల మీదే పెట్టండి. కప్పా ఒకటికి వెంట్రుకవాసి దూరంలో ఉంటుంది. ఆ కప్ప నూతిలోంచి ఎప్పటికీ బయటికి రాదు.

మనుషులతో మాట్లాడితే ఏమవుతుంది

ఇది నా స్వానుభవం, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను. ఇలాంటి పొరపాటు మీరు చేయకూడదని.

మెదినీపూర్ సాల్ అడవుల గురించి పుస్తకాలు తెరిస్తే ఆరాబారీ పేరు తగులుతుంది. 1970ల మొదట్లో అక్కడి అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ, పదకొండు ఊళ్లలోని 618 కుటుంబాలని కూర్చోబెట్టి ఒక ఒప్పందం చేసుకున్నాడు. 1,272 హెక్టార్ల పాడుబడ్డ సాల్ అడవిని మీరు కాయండి, కలప అమ్మిన డబ్బులో పావలా వంతు మీకిస్తాం అన్నాడు. సాల్ గొప్పతనమేమిటంటే నరికినా మోడులోంచి మళ్లీ లేస్తుంది, గొడ్డూ గొడ్డలీ ముట్టకపోతే చాలు. జనం కాశారు, అడవి లేచింది. దేశంలో ఉమ్మడి అటవీ యాజమాన్యం అనే మాటకి అదే పునాది. 1990లో కేంద్రం దాన్ని దేశమంతటికీ విధానం చేసింది. లాండ్‌శాట్ మొదటి ఉపగ్రహం ఎగిరింది కూడా ఆ రోజుల్లోనే. కానీ దాని గడి ఎనభై మీటర్లు. 618 కుటుంబాల్లో ఒక్క కుటుంబం కూడా ఆ ఫొటోల్లో పడలేదు. అందుకే మన రిపోర్టుల్లో మనుషులుండరు. లేనివాళ్లని మనమెందుకు కల్పించాలి?

ఒకసారి పెళ్లికార్డులు ఇవ్వడానికి సాలువా దాటి కేశియారి వైపు పోతుంటే బండి పంక్చరైంది. కుర్రాడొకడు టైరు విప్పుకుని పోయాడు. చెట్టు కింద ఒకావిడ విస్తళ్లు కుడుతోంది. సాల్ ఆకుల కట్ట ఒళ్లో పెట్టుకుని, ఆకు మీద ఆకు అంచు కలిపి, వెదురు చీలిక గుచ్చి, మిగిలిన ముక్కని గోటితో పుటుక్కున విరిచేస్తోంది. చూస్తుండగానే గుండ్రంగా విస్తరి తయారవుతోంది. చేతులు ఆకుల మీదున్నా చూపు రోడ్డు మీదే. ఖాళీగా ఉన్నాను కదా, బెంగాలీలో అడిగాను.

"మాసీ, ఇక్కడ అడవి పెరిగిందా, తరిగిందా?"

"ఏ అడవి?" అంది.

"ఇదేగా, ఎదురుగుండా పచ్చగా."

"అది కాగితం చెట్టు. మేక ముట్టదు. విస్తరికి రాదు. కింద గడ్డి మొలవదు." జామాయిల్ గురించి అంటోంది. ఆవిడ లెక్కలో అది అడవి కాదు, ఎవరిదో సరుకు నిలబెట్టిన చోటు.

"మరి అటు పక్కది?"

"అది సాలే. కొట్టాక మోడులోంచి లేచింది. ఆకు చేతికందుతుంది, పెద్దగా ఉంటుంది. విస్తరికి అదే మంచిది. కానీ గింజ రాల్చదు. గింజకి పెద్దచెట్టు కావాలి."

"పెద్దచెట్లు ఎన్నున్నాయి?"

గుచ్చడం ఆపి వేళ్లు మడిచింది. చెరువు గట్టున ఉన్నవి రెండు. జాహేర్‌థాన్‌లో నాలుగు, అవి దేవుడి చెట్లు కాబట్టి ఎవరూ గొడ్డలి పెట్టరు. పాఠశాల వెనక ఒకటుండేది, పోయింది. రెండో చెయ్యి పూర్తిగా వాడకుండానే లెక్క అయిపోయింది.

నేను నిర్ఘాంతపోయాను. మా షాపులో ఆ ఇలాకా మొత్తం ఒకే పచ్చ. పిల్లసాల్ పొదకీ, వందేళ్ల సాల్ చెట్టుకీ, జామాయిల్‌కీ ఎన్‌డీవీఐ అటూ ఇటుగా ఒకటే వస్తుంది. పైగా ఆకు ఒక మోతాదు దాటి దట్టమైతే ఆ అంకె ఇంక పెరగడం మానేస్తుంది, నిండిన బిందెలో నీళ్లు పోసినట్టే. ఈవిడేమో ఒక్క పచ్చని మూడు ముక్కలు చేసి కూర్చుంది. మూడింటికీ మూడు రంగులిస్తే లెజెండు పెట్టె పెద్దదవుతుంది, మ్యాపు పక్కకి జరుగుతుంది, పైన పెట్టిన ఉత్తరం బాణం గుర్తుకి చోటుండదు. ఇంతలో కుర్రాడు టైరు తెచ్చాడు. బతికిపోయాననుకుని బండెక్కాను. ఫీల్డువర్కంటే ఇదీ. పంక్చరు ఖర్చు వేరే.

తుపాను వస్తే వదలకండి

తీరప్రాంతం తెలుగువాళ్లకి ఇదొక వరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడినప్పుడు నగరం చుట్టూ కొండలు ఒక్క పగల్లో పచ్చనించి గోధుమరంగుకి తిరిగాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని పడుకోబెట్టింది. మా అత్తగారి తరఫు చుట్టాలు ఫోనులో ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తు. ఒక కొబ్బరిచెట్టు కాపుకి రావాలంటే పసిపిల్లాడు బళ్లో చేరినంత కాలం పడుతుంది. కానీ మన పని మనం చూసుకోవాలి. తుపాను మర్నాటి వారం ఫొటోని "ముందు" అనుకోండి, రెండేళ్ల తర్వాతది "తర్వాత". పడిన చెట్టు స్థానంలో మొలిచిన గడ్డీ గాదమూ కూడా మీ ఖాతాలోనే పడతాయి. ఏదైనా పథకం ఆ మధ్యలో మొదలైతే, చిలక్కి చెప్పినట్టు చెప్పక్కర్లేదు, ఫలితం ఎవరి పుణ్యమో వాళ్లే రాసుకుంటారు.

మేనల్లుడికి ఇవన్నీ చెప్పాను. బుద్ధిగా తలూపాడు, ఫిబ్రవరి ఒకటి, అక్టోబరు ఒకటి దింపుకున్నాడు. కానీ ఆదివారం నాడు వాడు కనపడలేదు. సోమవారం రాత్రి షాపుకొచ్చేసరికి వాడి చెప్పులకి ఎర్రదుమ్ము. సంచీలో నాలుగు సాల్ ఆకులు, రెండు ఎండినవి, రెండు లేతవి. ఏమీ అడగలేదు. అడిగితే ఏం చెబుతాడో అని భయం వేసింది.

పదిన్నరకి పెద్ద మ్యాపు మొదలెట్టాం. పై సగం అద్భుతంగా వచ్చింది. కాసాయి నది, దాని ఒడ్డున పచ్చటి చేలు, టౌను, స్టేషను, వర్క్‌షాపు రేకులు. సరిగ్గా సాలువా దగ్గరికొచ్చేసరికి ప్లాటరు కీచుమంది. సయాన్ డబ్బా అయిపోయింది. ఆపుదామనే లోపే కాగితం దిగిపోతోంది. నీలం పడక, పసుపు ఒక్కటే పడుతూ, సాలువా చుట్టుపక్కల అడవంతా ఎండుటాకు రంగులో బయటికొచ్చింది. ఒక్క మొక్క పచ్చగా లేదు. ఇన్నేళ్లలో నా చేతుల మీదుగా అలాంటి మ్యాపు వెళ్లలేదు.

"కొత్త డబ్బా వేసి మళ్లీ కొడతాన్రా, పది నిమిషాలు కూర్చో" అన్నాను.

వాడు కాగితం మీదికి వంగి, సంచీలోంచి ఎండిన ఆకు తీసి సాలువా పక్కన పెట్టి చూశాడు.

"వద్దు మావయ్యా. నిన్న ఇలాగే ఉంది."

మేనల్లుడని కూడా చూడకుండా సయాన్ డబ్బా ఖరీదు వాడి బిల్లులో వేశాను.